మూడు ఎక్స్ ప్లస్ అయిదు, ఎనిమిది ఎక్స్ ఎందుకు కాదు?

గోడకు వేలాడే క్యాలెండర్‌లో ఏ నెల పేజీ అయినా సరే. పక్కపక్కన మూడు, కిందికి మూడు, మొత్తం తొమ్మిది తేదీలు వచ్చేలా ఒక చతురస్రం గీయమని ఎవరినైనా అడగాలి. గీసినవాళ్లు నడిమి తేదీ ఒక్కటి చెబితే చాలు, తొమ్మిదింటి మొత్తం ఎంతో పేజీ వైపు చూడకుండానే చెప్పేయవచ్చు. నడిమిది 15 అయితే మొత్తం 135. 18 అయితే 162. చేసేదల్లా నడిమి తేదీని తొమ్మిదితో హెచ్చవేయడమే. వారాలు అడ్డంగా అచ్చువేసిన క్యాలెండర్ అయినా, నిలువుగా వేసినదైనా జవాబు మారదు.

ఇందులో గారడీ ఏమీ లేదు. నడిమి తేదీ ఎంతో తెలియనట్టే వదిలేసి, దానికి 'య' అని పేరు పెడితే గుట్టు బయటపడుతుంది. అంతకు ముందురోజు య − 1, మర్నాడు య + 1. వారం కిందటిది య − 7, వారం తర్వాతిది య + 7. మూలల్లో ఉన్న నాలుగూ య − 8, య − 6, య + 6, య + 8. అన్నీ కూడితే మైనస్ 8కి ప్లస్ 8, మైనస్ 7కి ప్లస్ 7, ఇలా జంటలు జంటలుగా చెల్లిపోతాయి. మిగిలేవి తొమ్మిది 'య'లు. దాన్నే పొట్టిగా 9య అని రాస్తారు.

తొమ్మిది పదాల బారెడు వరుస చివరికి రెండు గుర్తులకు కుదించుకుపోయింది. బడి భాషలో దీన్నే సూక్ష్మీకరణ అంటారు. అక్షరాలు, సంఖ్యలు, కూడికలు, తీసివేతలు కలిసిన ఆ వరుసకు బీజీయ సమాసం అని పేరు. సూక్ష్మీకరణకు షరతు ఒక్కటే: రూపం ఎంత మారినా విలువ మారకూడదు. అదీ ఏదో ఒక సంఖ్యకు కాదు, 'య' స్థానంలో ఏ సంఖ్య పెట్టినా సరే.

ఈ ఒక్క షరతు పట్టుకుంటే మిగిలిన నియమాల్లో చాలావాటిని విడిగా కంఠస్థం చేయనక్కరలేదు. కానీ తరగతి గదిలో జరిగేది వేరు. ఆరో తరగతిలో అగ్గిపుల్లల అమరికలతో సరదాగా మొదలైన బీజగణితం ఏడుకి వచ్చేసరికి చిట్టాగా మారిపోతుంది. సంఖ్య ముందు రాయాలి, సజాతి పదాలనే కూడాలి, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే గుర్తులు మారతాయి. ఇవన్నీ ఒకే గొంతుతో, ఒకే బరువుతో వినిపిస్తాయి. నిజానికి ఇందులో రెండు జాతులున్నాయి. కొన్ని మనుషులు కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందాలు. రేపు అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. కొన్ని సంఖ్యల స్వభావం నుంచే వచ్చినవి. వాటిని మార్చడం ఎవరి తరమూ కాదు. ఏది ఏ జాతిదో చెప్పకపోవడం వల్లే పిల్లలకు బీజగణితం అంతు లేని శాసనాల పట్టికలా కనిపిస్తుంది.

అక్షరం ఎంపిక మొదటి జాతిది. పాఠ్యపుస్తకాల్లో తెలియని రాశి అంటే ఎక్స్. ఆ అలవాటు ఫ్రాన్స్ గణితవేత్త రెనె డెకార్ట్ 1637లో ప్రచురించిన జ్యామితి గ్రంథంతో స్థిరపడింది. తెలిసిన రాశులకు అక్షరమాల మొదట్లోని ఏ, బీ, సీలు, తెలియనివాటికి చివర్లోని ఎక్స్, వై, జెడ్‌లు అని ఆయన పంచిపెట్టాడు. అంతకు ముందు, 1591లో, అదే దేశానికి చెందిన ఫ్రాన్స్వా వియెత్ తెలియనివాటికి అచ్చులు, తెలిసినవాటికి హల్లులు వాడాడు. ఆయన పద్ధతి నిలిచి ఉంటే ఇవాళ పిల్లలు ఎక్స్ బదులు ఏ విలువ కనుక్కుంటూ ఉండేవారు. లెక్కలో తేడా ఏమీ ఉండేది కాదు.

భారతదేశంలో ఈ పని చాలా ముందే మొదలైంది. తెలియని రాశిని 'యావత్తావత్' అనేవారు, అంటే 'ఎంతో అంత'. రాతలో మొదటి అక్షరం 'యా' మాత్రమే వేసేవారు. రెండో తెలియని రాశి వస్తే రంగుల పేర్లు: కాలక, నీలక, పీతక, లోహితక. వాటికీ 'కా', 'నీ' లాంటి పొడి అక్షరాలే. విడి సంఖ్యను 'రూప' అని, 'రూ'గా రాసేవారు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు రాసిన బీజగణితం నిండా ఈ రంగులే. ఆ లెక్కన తెలుగు వ్యాసంలో ఎక్స్ బదులు 'య', వై బదులు 'క' వాడితే కొత్త పోకడేమీ కాదు. పాత బాకీ తీర్చుకోవడమే. ఇక్కడ వాడుతున్నదీ అందుకే.

ఆ పాత రాతలో ఇంకో విశేషం ఉంది. 9వ శతాబ్దపు వ్యాఖ్యాత పృథూదకస్వామి దగ్గర ఒక సమీకరణం ఇలా కనిపిస్తుంది: పై వరుసలో 'యావ 0 యా 10 రూ 8', కింది వరుసలో 'యావ 1 యా 0 రూ 1'. యావ అంటే యావత్తావత్ వర్గం. పైనున్న 8 మీద చిన్న చుక్క పెడతారు. అది ఋణ సంఖ్య అని గుర్తు. నేటి రాతలో 10య − 8 = య² + 1. గమనించాల్సింది, అక్కడ అక్షరం ముందు వచ్చి సంఖ్య తర్వాత వచ్చింది. లేని పదానికి సున్నా గుణకం వేసి మరీ చూపించారు. సమాన గుర్తు లేదు. ఒక పక్షం కింద ఇంకో పక్షం రాస్తే సరిపోయేది. రెండు సమాంతర గీతల సమాన గుర్తును ఇంగ్లండ్‌లో రాబర్ట్ రికార్డ్ అచ్చులోకి తెచ్చింది 1557లో. అసలు గుర్తులే లేకుండా నడిచిన కాలమూ ఉంది. 9వ శతాబ్దపు అల్ ఖ్వారిజ్మీ బీజగణితమంతా మాటల్లోనే చెప్పాడు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చినప్పుడు లెక్కలు పద్యాల్లోనే ఒదిగాయి.

కాబట్టి సంఖ్యను అక్షరానికి ముందు రాయాలనేది ఒప్పందం. 'య3' అని రాసిన పిల్లవాడు తప్పు లెక్క చేసినట్టు కాదు, వాడుక తప్పాడంతే. అలాంటివే మరికొన్ని ఉన్నాయి. గుణకం 1 అయితే రాయరు, 1య కాదు, య. మైనస్ 1 అయితే మైనస్ ఒక్కటే మిగులుతుంది, −య. రెండు అక్షరాలుంటే వరుసక్రమంలో రాస్తారు. పెద్ద ఘాతం ముందు, విడి సంఖ్య చివర, 2య² + 7య − 4 అన్నట్టు. భాగహారాన్ని గీత మీద, గీత కింద రాస్తారు. ఇవన్నీ చదివేవాడి కన్ను ఎక్కడ ఏది వెతుక్కోవాలో తెలియడానికి.

వీటిలో ఒక ఒప్పందం మాత్రం పిల్లలను నిజంగానే బోల్తా కొట్టిస్తుంది. ఇంటూ గుర్తును వదిలేయడం. 3 × య అనే బదులు 3య అంటారు. ఇంటూ గుర్తును 1631లో విలియం ఔట్రెడ్ వాడుకలోకి తెస్తే, అది అచ్చం ఎక్స్ అక్షరంలా ఉందని గణితవేత్త లైబ్నిజ్ తర్వాతి కాలంలో గొణిగి, బదులుగా చుక్క పెట్టుకున్నాడు. ఆ గొడవ లేకుండా గుర్తునే తీసేయడం సుఖంగానే ఉంటుంది. అయితే చిక్కేమిటంటే, అయిదేళ్లుగా బడిలో పక్కపక్కన రాయడమంటే పిల్లవాడికి నేర్పింది కూడికే. 35 అంటే 30 కి 5 కలిపినది. రెండున్నరను భిన్నంగా రాస్తే 2 పక్కన ½ వస్తుంది, అదీ కూడికే. ఆరో తరగతిలో ఒక ఉదయం టీచర్ వచ్చి, ఇకమీదట పక్కపక్కన రాస్తే గుణకారం అంటారు. 3యలో య విలువ 5 వేయమంటే 15కు బదులు 35 అని రాసే పిల్లలు మొద్దులు కారు. పాత పాఠం బాగా వంటబట్టినవాళ్లు.

ఒప్పందం అస్పష్టంగా ఉంటే పెద్దవాళ్లూ కొట్టుకుంటారని 2019లో సామాజిక మాధ్యమాలు నిరూపించాయి. 8 ÷ 2(2 + 2) ఎంత అన్నది ప్రశ్న. బ్రాకెట్ లోపల 4. ఆ తర్వాత ఎడమ నుంచి కుడికి వెళితే 8 ÷ 2 = 4, దాన్ని 4తో హెచ్చిస్తే 16. బ్రాకెట్‌కు అతుక్కున్న 2ను ముందు గుణించేస్తే 8 ÷ 8, అంటే 1. రెండు పక్షాలూ ఏ పని ముందో చెప్పే బోడ్మాస్ సూత్రం పేరు చెప్పుకునే వాదించుకున్నాయి. క్యాలిక్యులేటర్లను అడిగినా తగవు తీరలేదు. కొన్ని మోడళ్లు 16 చూపిస్తే కొన్ని 1 చూపించాయి. గణితవేత్తల్లో చాలామంది చెప్పిందొకటే, ప్రశ్న సరిగ్గా రాయలేదని. భాగహారాన్ని గీతతో రాసినా, ఇంకో బ్రాకెట్ వేసినా వివాదమే ఉండదు.

బోడ్మాస్ గురించి ఒక మాట. ఆ పేరులో డి తర్వాత ఎం వస్తుంది కాబట్టి భాగహారం ఎప్పుడూ గుణకారానికి ముందే అని, ఏ తర్వాత ఎస్ వస్తుంది కాబట్టి కూడిక తీసివేతకు ముందే అని చాలామంది పెద్దయ్యాక కూడా నమ్ముతారు. అలా నమ్మితే 10 − 3 + 2 విలువ 5 వస్తుంది. అసలు జవాబు 9. కూడిక, తీసివేత ఒకే హోదా. ఎడమ నుంచి ఏది ముందు వస్తే అది. గుణకారం, భాగహారం కూడా అంతే.

కంప్యూటర్లలోనూ ఏకాభిప్రాయం లేదు. ఎక్సెల్ గడిలో సమాన గుర్తు వేసి మైనస్ 2 స్క్వేర్ అని టైపు చేస్తే 4 వస్తుంది. పైథాన్‌లో అదే చేస్తే మైనస్ 4. ఎక్సెల్ మైనస్‌ను సంఖ్యకు అంటించేసి వర్గం చేస్తుంది. పైథాన్ ముందు వర్గం చేసి తర్వాత మైనస్ పెడుతుంది, బీజగణితం పుస్తకాల్లోలాగా. ఎక్సెల్‌లోనే ముందు ఒక సున్నా చేర్చి 0 − 2² అని అడిగితే మైనస్ 4 ఇస్తుంది. −య² అని రాసినప్పుడు గణితంలో వర్గం య ఒక్కదానికే. మైనస్‌ను కూడా కలుపుకోవాలంటే (−య)² అని బ్రాకెట్ పెట్టాల్సిందే. అలాగే 2య² వేరు, (2య)² వేరు. య విలువ 3 అయితే మొదటిది 18, రెండోది 36.

ఇక మాటలను సమాసంగా మార్చడం. ఇందులో తెలుగు వాక్యం కొంత మేలు చేస్తుంది. 'య లోంచి 5 తీసివేస్తే' అన్న వరుసలోనే య − 5 అని రాసుకుంటూ పోవచ్చు. ఇంగ్లిషులో ఇదే మాట చెప్పేటప్పుడు అయిదు ముందు వస్తుంది కాబట్టి ఇంగ్లిషు మీడియం పిల్లలు 5 − య అని రాసేస్తుంటారు. అయితే తెలుగులోనూ గుంటలు లేకపోలేదు. 'ఒక సంఖ్యకు 3 కలిపి రెట్టింపు చేస్తే' అంటే 2(య + 3). 'ఒక సంఖ్య రెట్టింపుకు 3 కలిపితే' అంటే 2య + 3. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే తేడా. ఆ తేడాను రాతలో చూపించేది బ్రాకెట్.

అంతకన్నా లోతైన గుంట ఒకటుంది. అమెరికాలో 1980 ప్రాంతంలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు ఒక చిన్న ప్రశ్న ఇచ్చారు. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ల సంఖ్యకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు, దీన్ని సమీకరణంగా రాయండి. విద్యార్థుల సంఖ్య వ, ప్రొఫెసర్ల సంఖ్య ప అనుకుంటే వ = 6ప రావాలి. మూడో వంతుకు పైగా తప్పు రాశారు. అందులో ఎక్కువమంది రాసింది 6వ = ప. వాళ్ల తర్కం తేలిగ్గానే అర్థమవుతుంది: ఆరుగురు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్. 'వ' అంటే విద్యార్థి అనుకున్నారు. కానీ 'వ' అంటే విద్యార్థి కాదు, విద్యార్థుల సంఖ్య. పది మంది ప్రొఫెసర్లను వేసి చూస్తే, తప్పు సమీకరణం ప్రకారం విద్యార్థులు ఇద్దరు కూడా ఉండరు!

ఇదే పొరపాటును బడిలో టీచర్లే తెలియకుండా నాటుతుంటారు. 3య + 2క ఎందుకు కలవవు అంటే, మూడు యాపిల్ పళ్లు, రెండు అరటిపళ్లు కలవవు కదా అని చెబుతారు. అప్పటికి పిల్లవాడు సరే అంటాడు. కానీ య అంటే యాపిల్ పండు అయితే య × య అంటే ఏమిటి? యాపిల్‌ను యాపిల్‌తో హెచ్చించడమెలా? 1970లలో ఇంగ్లండ్‌లో హైస్కూలు పిల్లల బీజగణితాన్ని పరీక్షించిన డీట్మార్ కూషెమన్, అక్షరాన్ని వస్తువుగా చూడటం పిల్లల్లో పాతుకుపోయిన అపోహల్లో ఒకటని చూపించాడు. అక్షరం పండు కాదు, సంఖ్య. ఆ సంఖ్య ఇంకా చెప్పలేదంతే.

మరి 3య + 5ను 8య అని రాసేయడం ఎందుకు తప్పు? ఏడో తరగతి నోట్ పుస్తకాల్లో ఎర్ర ఇంకు ఎక్కువగా పడేది ఇక్కడే. దీనికి కారణం తెలివితక్కువతనం కాదు. ఒకటో తరగతి నుంచి ప్రతి లెక్కకూ ఒక్క సంఖ్య జవాబుగా వచ్చింది. మధ్యలో ప్లస్ గుర్తు మిగిలిపోతే లెక్క పూర్తి కానట్టే అనిపిస్తుంది. అందుకే దొరికిన సంఖ్యలు రెండూ కూడేసి, అక్షరం అతికించి ఊపిరి పీల్చుకుంటారు.

పెళ్లి ఖర్చు రాస్తే విషయం తేలుతుంది. భోజనం ప్లేటుకు 250 రూపాయలు, హాలు అద్దె 40,000 అనుకుంటే, య మంది అతిథులకు ఖర్చు 250య + 40,000. ఎంతమంది వస్తారో తేలేదాకా అది అలాగే ఉంటుంది. అదే జవాబు. 300 మంది వస్తే 75,000కు 40,000 కలిపి 1,15,000 రూపాయలు. ఇప్పుడు ఆ రెంటినీ కలిపేసి 40,250య అని రాసిన పెద్దమనిషి లెక్క చూడండి: 300 మందికి 1,20,75,000. హాలు అద్దెను ప్రతి అతిథి దగ్గరా ఒకసారి వసూలు చేసినట్టయింది! మరోవైపు, తాంబూలం సంచికి మనిషికి 30 రూపాయలు చేరితే 250య + 30య కలుస్తాయి, 280య. రెండూ మనిషి మనిషికీ పెరిగే ఖర్చులే కాబట్టి. ఇలా ఒకే అక్షరం, ఒకే ఘాతం ఉన్నవి సజాతి పదాలు. య, య² సజాతి కావు. య విలువ 10 అయితే ఒకటి 10, రెండోది 100, వాటి పెరుగుదలలోనే పొంతన లేదు.

సజాతి పదాల నియమం 628 నాటికే రాతలో ఉంది. ఆ ఏడాది పూర్తయిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు, తెలియని రాశులు, వాటి వర్గాలు, ఘనాలు, ఆ పై ఘాతాలలో ఒకే జాతివాటినే కూడాలి, తీసివేయాలి, వేరు జాతివాటిని వేరువేరుగా ఉంచాలి అని స్పష్టంగా చెప్పాడు. పద్నాలుగు వందల ఏళ్లుగా ఆ నియమం చెక్కు చెదరలేదు. చెదరడానికి అది ఒప్పందం కాదు.

ఆ నియమం ఎక్కడ నుంచి వస్తోందంటే, విభాగ న్యాయం నుంచి. 3(య + 4) అంటే బ్రాకెట్‌లోని మొత్తాన్ని మూడుసార్లు తీసుకోవడం, 3య + 12. బ్రాకెట్ విప్పేటప్పుడు 3య + 4 అని రాసేవాళ్లు మొదటిదానికి పంచి రెండోదాన్ని పస్తు పెడుతున్నారన్నమాట. ఇదే న్యాయాన్ని వెనక్కి నడిపిస్తే 250య + 30య = (250 + 30)య వస్తుంది, అంటే సజాతి పదాల కూడిక. విడివిడిగా రెండు నియమాలుగా నేర్పేది నిజానికి ఒక్కటే.

బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు లోపలి గుర్తులు మారడం కూడా కిరాణా కొట్టులో అందరూ చేసే లెక్కే. 500 నోటు ఇచ్చి 120కి కందిపప్పు, 80కి చింతపండు కొంటే చిల్లర 500 − (120 + 80), అంటే 300. బ్రాకెట్ తీసేసి 500 − 120 + 80 అని రాస్తే 300 రూపాయలు కాదు, ఏకంగా 460 చేతిలో పడతాయి, షాపతను ఊరుకోడు. చింతపండు ఖర్చునూ తీసేయాలి కాబట్టి దాని ముందూ మైనస్ రావాల్సిందే. ఇంకో సందర్భం: బిల్లు 200, అందులో 30 తగ్గింపు. చిల్లర 500 − (200 − 30). 200 మొత్తం తీసేస్తే 30 ఎక్కువ తీసేసినట్టు, తిరిగి ఇవ్వాలి. 500 − 200 + 30, అంటే 330. లోపలి మైనస్ ప్లస్ అయింది ఇందుకే.

దీని పెద్దన్నే 'మైనస్ ఇంటూ మైనస్ ప్లస్'. బ్రహ్మగుప్తుడు సంఖ్యలను ధనం, ఋణం, శూన్యం అని విడదీసి, ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం అని తేల్చాడు. అప్పును అప్పుతో హెచ్చిస్తే ఆస్తి ఎలా అవుతుందని అడిగే పిల్లవాడి అనుమానం న్యాయమైనదే. అప్పుల పోలిక అక్కడ పనిచేయదు. సమాధానం విభాగ న్యాయంలోనే ఉంది. 5 + (−5) సున్నా. దాన్ని −3తో గుణిస్తే సున్నాయే రావాలి. విడివిడిగా పంచితే, −3 × 5 = −15; దానికి −3 × −5 కలవాలి. మొత్తం సున్నా కావాలంటే ఆ రెండోది +15 తప్ప మరొకటి కాలేదు. −15 అని ఎవరైనా పట్టుబడితే విభాగ న్యాయాన్నే వదులుకోవాలి, దానితోపాటు బజారు లెక్కలన్నీ. ఇంత చిన్న నిరూపణ, రెండు లైన్లు. బోర్డు మీద ఒక్కసారి రాయడానికి రెండు నిమిషాలు పట్టదు, అయినా చాలామంది పదో తరగతి దాటేదాకా దాన్ని చూడనే చూడరు.

బ్రాకెట్లు రెండు పక్కపక్కన వస్తే పంపకం రెండుసార్లు. మళ్లీ క్యాలెండర్ పేజీయే తీసుకుని, ఈసారి రెండు వరుసల్లో రెండేసి తేదీలు: 9, 10, కింద 16, 17. మూలకు మూల గుణిస్తే 9 × 17 = 153, 10 × 16 = 160. తేడా 7. ఏ నాలుగు తేదీలు తీసుకున్నా తేడా ఏడే. మొదటి తేదీ య అయితే ఒక లబ్ధం య(య + 8), విప్పితే య² + 8య. రెండోది (య + 1)(య + 7). మొదటి బ్రాకెట్‌లోని ప్రతి పదమూ రెండో బ్రాకెట్‌లోని ప్రతి పదాన్నీ కలవాలి: య², 7య, య, 7. కూడితే య² + 8య + 7. తేడా ఎక్కడుందో కంటికి కనిపిస్తోంది. వంద పేజీలు తిరగేసి సరిచూసినా రాని భరోసా ఈ ఒక్క లైను ఇస్తుంది.

ఈ పంపకంలో మధ్య పదాలను మరిచిపోవడమే (య + క)²ను య² + క² అని రాయడం. ఇంజినీరింగ్ కాలేజీ దాకా వెంటాడే తప్పు ఇది. 3, 4 వేసి చూస్తే చాలు: 7 వర్గం 49, కానీ 9 + 16 = 25. మిగిలిన 24 ఎక్కడికి పోయింది? రెండుసార్లు 3 × 4. అదే 2యక. యూక్లిడ్ దీన్ని చతురస్రాన్ని రెండు చతురస్రాలు, రెండు దీర్ఘచతురస్రాలుగా కోసి చూపించాడు. మరిచిపోయే పదం ఆ రెండు దీర్ఘచతురస్రాలే. సూత్రం చేతికొస్తే నోటి లెక్కలకూ పనికొస్తుంది. 98 వర్గం కావాలంటే 100 − 2 అనుకుని 10,000 − 400 + 4, అంటే 9,604. 103 × 97 అయితే ఇంకా సులువు, 10,000 లోంచి 9 తీసేస్తే 9,991.

ఇలా సంఖ్య వేసి చూడటం పిల్లలకు అలవాటు చేయాల్సిన అన్నిటికన్నా చవకైన పరీక్ష. ఒక్క జాగ్రత్త. 0, 1, 2 వేస్తే కొన్ని తప్పులు దొరక్కుండా జారిపోతాయి. య + య, య × య ఒకటే అనుకునేవాడు 2 వేసి చూసుకుంటే రెండువైపులా 4 వచ్చి తన తప్పే ఒప్పని తీర్మానించుకుంటాడు. 7 వేస్తే 14, 49 వచ్చి బండారం బయటపడుతుంది. అదీగాక ఈ పరీక్ష తప్పును పట్టిస్తుంది తప్ప ఒప్పును రుజువు చేయదు. రుజువుకు న్యాయాలే కావాలి.

భిన్నాల్లో కొట్టివేత దగ్గర ఈ పరీక్ష బాగా అక్కరకొస్తుంది. పైన య + 6, కింద 6. రెండు ఆరులు కనపడగానే పెన్ను ఆగదు, కొట్టేసి య అని రాసేస్తారు. య స్థానంలో 12 వేస్తే 18 బై 6, అంటే 3. య అయితే 12 రావాలి కదా! పైన మొత్తాన్ని గుణిస్తున్న సంఖ్యనే కొట్టేయాలి, కూడికలో ఒక మూల కూర్చున్నదాన్ని కాదు. 2య + 6 ను 2తో భాగిస్తే య + 3. ఎందుకంటే పైనున్నది 2(య + 3). భిన్నం సూక్ష్మీకరించే ముందు కారణాంకాలుగా విడగొట్టమని టీచర్లు పోరేది ఇందుకే.

కొట్టేసేదాని విలువ సున్నా అయితే మాత్రం వ్యవహారం పూర్తిగా బెడిసికొడుతుంది. య² − 9 ను య − 3 తో భాగిస్తే య + 3 వస్తుందని పుస్తకం చెబుతుంది, పక్కనే 'య విలువ 3 కాకూడదు' అని చిన్న అక్షరాల్లో షరతు పెడుతుంది. 3 వేస్తే భిన్నం సున్నా బై సున్నా. దీని దగ్గర మహామహులూ తడబడ్డారు. ఋణ సంఖ్యలకు, శూన్యానికి నియమాలు ఇచ్చిన బ్రహ్మగుప్తుడే సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. భాస్కరాచార్యుడు సున్నాతో భాగించిన సంఖ్యను ఖహరం అని, అనంతమని వర్ణించాడు. నేటి గణితం ఆ భాగహారాన్ని అసలు అనుమతించదు.

అనుమతిస్తే ఏమవుతుందో చూపించే పాత చమత్కారం ఒకటి హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో తిరుగుతూనే ఉంటుంది. య = క అనుకోవాలి. రెండువైపులా యతో గుణిస్తే య² = యక. రెండువైపులా క² తీసేస్తే య² − క² = యక − క². కారణాంకాలు రాస్తే (య + క)(య − క) = క(య − క). రెండువైపులా ఉన్న య − క కొట్టేస్తే య + క = క. య, క సమానం కాబట్టి 2క = క. అంటే 2 = 1. ప్రతి స్టెప్పూ పాఠంలో నేర్పినట్టే ఉంటుంది, గుర్తులు సరిగ్గానే మారాయి, బ్రాకెట్లు సరిగ్గానే విడిపోయాయి. మొదటి లైనులోనే య = క అన్నాం కాబట్టి, కొట్టేసిన య − క విలువ సున్నా.